విచ్చుకోని గుప్పిట

షేక్‌పేట నుంచి వచ్చి పదకొండేళ్లుగా జూబ్లీ హిల్స్ ఇళ్లలో ఆయాగా చేస్తున్న బాలమణి, ఏడాది నిండిన ఆద్య ముందు ఒక ఉదయం కాసిని మరమరాలు పోసింది. పాప ఎడమ చేత్తోనే ఏరుకుంది. ఆ చేతిని మెల్లగా పట్టుకుంటే ఏడ్చిందే తప్ప కుడి గుప్పిట విప్పలేదు. ఆ చేతిలో ఏదో తేడా ఉందని బాలమణికి అర్థమైంది.

చెప్పాలంటే భయం. ఇదివరకు ఒక ఇంట్లో, బాబుకు మాటలు రావడం లేదన్నందుకు ఆమెను పనిలోంచి తీసేశారు. చెప్పకపోతే అంతకన్నా భయం. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు, స్టూడియోకు బయల్దేరిన పాప తల్లి ప్రణతిని గుమ్మంలోనే ఆపింది.

"అమ్మా, కోపానికి రాకుండ్రి. పాప కుడిచేత్తోని ఏదీ పట్టుకుంటలేదు. జర డాక్టరుకు చూపియ్యుండ్రి."

"ఎడమచేతి వాటమేమోలే బాలమణీ."

"గింత చిన్నగున్నప్పుడే గట్ల రాదమ్మా. నాకు భయమైతుంది."

ప్రణతి స్టూడియోకు వెళ్లడం మానుకుని, పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

కుడివైపు బలం తక్కువగా ఉందనీ, త్వరగా చూపించడం మంచిదైందనీ, ఎంత బాగవుతుందో ఇప్పుడే చెప్పలేననీ డాక్టరు అన్నారు. ఇంట్లో రోజూ ఆ చేతికి పని కల్పించమన్నారు. బాలమణి పాపచేత చపాతీ పిండి నొక్కించేది, తడి స్పాంజి పిండించేది, కాగితాలు చింపించేది. ఇవాళ కూడా వేళ్లు కదలవేమోనని భయపడుతూనే రోజూ మొదలుపెట్టేది.

ఐదో నెలలో ఒకరోజు ఆద్య కుడిచేతి రెండు వేళ్లతో చిటికెడు పిండి గిల్లింది.

"అమ్మా, జల్ది రాండ్రి!" అని కేకేసింది బాలమణి.

ప్రణతి పరుగున వచ్చింది. మళ్లీ చేయదేమోనని ఇద్దరూ ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నారు. పాప వాళ్లను చూసి నవ్వి, మళ్లీ గిల్లింది.