సుజాత గెలిచాడు

నాచారంలో ఫోన్ గేములు తయారుచేసే మా ఆఫీసులో టీమ్ లీడ్‌ను అందరం అక్కా అనేవాళ్లం. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఆటలో కనిపించే ప్రతి వాక్యాన్నీ తెర మీదికి పంపే ముందు పైకి చదివేది, ఎదుట ఎవరో కూర్చుని వింటున్నట్టు.

ఇంగ్లిష్‌లో తయారైన పరుగుపందెం ఆటకు తెలుగు జోడిస్తున్న రోజులవి. ఇంగ్లిష్‌లో లాగే, ఆడా మగా తేడా లేకుండా ఎవరు గెలిచినా కోడ్ వాళ్ల పేరు పక్కన ఒకే క్రియ అతికించేది. విడుదల రోజు ఆమె చదివింది: "సుజాత గెలిచాడు." మళ్లీ చదివి ఆగిపోయింది.

"అర్థమైతది గదా, పోనియ్," అన్నాడు మేనేజర్.

"'గెలిచారు' అని పెడదామా అక్కా? అందరికీ సరిపోతది," అన్నాను నేను.

"దోస్తులు ఆడుకునే ఆట ఇది. పక్కనున్న పిల్ల గెలిస్తే 'గెలిచారు' అంటమా?" అంది నెమ్మదిగా. తర్వాత మేనేజర్ వైపు తిరిగింది. "ఇంకో వారం ఇయ్యండి సార్. ఆలస్యం నా మీద రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు కూడా. తర్వాతి ప్రాజెక్టు ఆమెకు రాలేదు. ఆ వారమంతా కూర్చుని, ఆడేది అమ్మాయో అబ్బాయో చూసి క్రియ మారేలా కోడ్ తిరగరాశాం.

కొన్నాళ్లకు ఇద్దరం హబ్సిగూడలో మెట్రో ఎక్కి నిలబడ్డాం. ముందు సీట్లో ఒక కాలేజీ అమ్మాయి మా ఆటే ఆడుతోంది. ఆమె పేరు పక్కన "గెలిచింది" అని వచ్చింది. ఆ అమ్మాయి చూసీ చూడనట్టు ఇంకో పందెం మొదలుపెట్టింది.

"మనం పడ్డ తిప్పలు ఆమెకు తెల్వనే తెల్వదు," అన్నాను చిన్నబుచ్చుకుని.

"తెల్వద్దనే గదా పడ్డది," అంది అక్క. ఉప్పల్‌లో దిగేదాకా ఆమె కళ్లు ఆ ఫోన్ మీదే ఉన్నాయి.