వదిన తిట్టని రోజులు

మా వారి అక్కను నేను వదినా అని పిలిచేదాన్ని. ధవళేశ్వరంలో చేపలమ్మేది. బేరమాడిన వాళ్లనూ, ఆడని వాళ్లనూ ఒకేలా తిట్టేది. తమ్ముణ్ణయితే మరీను.

మా వారికి రక్తం జబ్బు ముదిరి, ఎముకల్లోని మూలుగ మార్చాలన్నప్పుడు "నాది తీసుకోండి" అని ముందుకొచ్చింది వదినే. రాజమండ్రిలో డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు.

"ఇద్దరి తెల్లకణాలనూ ల్యాబులో కలిపి కొన్నాళ్లు పెంచుతామమ్మా. కణాల మీద గుర్తులుంటాయి. అవి కలవకపోతే ఒకదాని మీద ఒకటి తిరగబడతాయి."

"నాకు కోపం ఎక్కువండి. ఆటిక్కూడా వస్తాదాండి?" అని అడిగింది వదిన.

అలాంటిదేం ఉండదని ఆయన నవ్వారు. ఆమె నమ్మలేదు. ఆ రోజు నుంచి ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. సగం ధరకు అడిగినా తలవంచుకుని చేప కోసిచ్చేది. ఫోను మోగితే కత్తి పక్కన పెట్టి, ఆసుపత్రి నుంచేమోనని చూసేది.

ఫలితం వచ్చింది. కలవలేదు. చాలా నెలలకు వేరే దాత దొరికి మా వారు కోలుకున్నారు గానీ, ఆ సాయంత్రం మాకు ఆ సంగతి తెలియదు కదా. వదిన తమ్ముడి మంచం మీద కూర్చుని, "నోరైతే మూసుకున్నాన్రా. మనసులో మాత్రం అందర్నీ తిడతానే ఉన్నాను" అంది.

మా వారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "నన్ను ఏదో ఒకటి అనక్కా. నువ్విలా ఉంటే భయమేస్తోంది."