అన్నయ్య బండి ఫోర్కు

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా నాన్నను చూసే ఆ సామెత పుట్టించి ఉంటారు. గార్డెన్ రీచ్‌లో ఓడల యార్డు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. అన్నయ్య పాత మోటార్‌సైకిల్ ఇంటికి చేరిన రోజునుంచి ఆయనకు తిండి మీద ధ్యాస లేదు, నా మాట మీద అంతకన్నా లేదు.

బండి తాతలనాటిది. అన్నయ్య ముచ్చటపడి కొనుక్కున్నాడు. కిందటేడు వానల్లో దాని మీదే సాల్ట్ లేక్‌లోని ఆఫీసుకు వెళుతూ, ఖిదిర్‌పూర్ దాటుతుండగా పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఎలా పడ్డాడో చూసినవాళ్ళు లేరు. బండికి పెద్దగా సొట్ట కూడా పడలేదు. ఠాణా వెనకాల నీళ్ళలో నెలల తరబడి నిలబడి, చివరికి మా వాకిట్లోకి వచ్చింది. అప్పటికి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు రెండూ బిగుసుకుపోయాయి. హ్యాండిల్ మీద నా బరువంతా వేసి నొక్కినా వెంట్రుకవాసి దిగలేదు.

సందు చివరి మెకానిక్ వచ్చి చూశాడు.

"కేటే ఫేలున్, కాకూ," అన్నాడు బెంగాలీలో. కోసి పారేసి వేరేది వేసుకోమని. నాకూ అదే సబబనిపించింది. అయినా ఇంట్లో మిగిలింది నాన్నా నేనూ. ఎవరు నడుపుతారు గనక ఆ బండిని?

"కోస్తే ఒప్పుకోను," అన్నాడు నాన్న. "దాని లోపల సూడాల."

"ఏటి చూస్తావు నాన్నా?"

"నాను సంపీసినానో లేదో సూడాల."

అప్పటికి గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు. అన్నయ్య పోవడానికి కొద్దిరోజుల ముందే విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఫిట్టర్లు ఆ రోజు పనిముట్లు కడిగి, బొట్టుపెట్టి, దేవుడి ముందు ఉంచేస్తారు. స్పానరు ముట్టరు. నాన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ నియమం తప్పలేదు. ఆ రోజు మాత్రం, ఫోర్కు లొడలొడలాడుతోంది, పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాలి అని అన్నయ్య బతిమాలితే, పూజలో పెట్టిన స్పానర్లే తీసి ఫోర్కు విప్పాడు. గొట్టం జారడానికి లోపల ఉంగరంలా ఉండే బుష్షులు అరిగిపోతే, తన చేత్తో లేతు మీద చేసుకున్న ఇత్తడి బుష్షులు వేశాడు. అవే నడిరోడ్డు మీద పట్టేసి కొడుకును పడేశాయని ఆయన నమ్మకం. ఏడాదిగా ఒక్కడే మోస్తున్నాడు. నాతో ఒక్క మాట చెప్పుకుంటే ఈ మనిషి సొమ్మేం పోయింది? ఒళ్ళు మండింది నాకు. ఏడుపూ వచ్చింది. చున్నీ నడుముకు బిగించి ఆయన పక్కన కూర్చున్నాను.

ఆఫీసునుంచి రాగానే అదే పని. ఫోర్కు కాళ్ళు ఊడదీసి, గొట్టం మొదట్లో డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి నానబెట్టేవాళ్ళం. నాన్న బ్లోలాంపుతో కింది అల్యూమినియం భాగాన్ని వేడిచేసేవాడు. అది కాస్త సాగితే లోపలి ఉక్కు గొట్టం వదులుతుందని ఆశ. నేను చెక్కసుత్తితో చుట్టూ తట్టేదాన్ని.

"గట్టిగా ఎయ్యకమ్మా. బుష్షు గీరుకుపోతాది. నువ్వు గీసిన గీతేదో, ముందే పడిన గీతేదో నాకెలాగ తెలుస్తాది?"

దేవుడా, లోపల ఒక్క గీత కూడా లేకుండా చూడు తండ్రీ అని మొక్కుకుంటూ తట్టేదాన్ని. గీత కనిపిస్తే బుష్షు రోడ్డు మీదే పట్టేసిందని అర్థం, ఇక నాన్న బతకడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఒక ఆదివారం నాన్న పట్టుకుంటే నేను మెలితిప్పాను. కిర్రుమని గొట్టం తిరిగింది. ఇద్దరం చెరోవైపూ లాగితే ఊడి చేతికొచ్చింది. తుప్పంతా పైన, రబ్బరు టోపీ కింద నీరు నిలిచిన చోటే ఉంది. దాని దిగువన గొట్టం మెరుస్తోంది. బుష్షు నూనెలో తడిసి కొత్త ఇత్తడిలా పచ్చగా ఉంది. నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని, గోటితో చుట్టూ రాసి చూశాడు. ఎక్కడా గీత లేదు. రెండోది విప్పాం. అదీ అంతే. గొట్టాన్ని శుభ్రంగా తుడిచి మళ్ళీ లోపలికి తోస్తే వెన్నలా జారింది.

నాకు ప్రాణం లేచివచ్చింది. "చూశావా నాన్నా, నీ తప్పు ఏటీ లేదు. నీళ్ళలో నిలబడి పట్టేసింది, అంతే," అన్నాను.

తుడిచిన బుష్షునే గుడ్డతో మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు.

"మరైతే ఆడెందుకు పడిపోనాడమ్మా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకునీవోడిని. ఇప్పుడెవుల్ని తిట్టుకోవాల?"

ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకున్నాను. అన్నయ్య పోయాక నాన్న గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి.