అక్క ఇచ్చిన విత్తనం

పాలవాడు పాలు పోస్తుంటే, నీళ్లు కలిపాడేమోనని చెంబు వైపు కాక వాడి ముఖం వైపు చూసే రకం నేను. అలాంటివాణ్ణయినా విత్తనం దగ్గర మాత్రం అక్కను నమ్మేవాణ్ణి. పాకాల దగ్గర మా చేలు పక్కపక్కనే. ఏటా వేరుశెనగ విత్తనం ఆమె ఇంటి నుంచే, ఒలవని కాయలుగా తెచ్చుకునేవాణ్ణి.

ఆ ఏడు వాన మంచి అదనులో పడింది. ఇద్దరం ఒకే రోజు విత్తాం. పది రోజులకు అక్క చేలో సాళ్లు పచ్చగా కనిపించాయి. నా చేలో ఇక్కడొకటి, అక్కడొకటి. మొలిచినవాటి తొలి ఆకులు కూడా ముడుచుకుని పాలిపోయి ఉన్నాయి. నేల ఒకటే, వాన ఒకటే, విత్తిన గొర్రు కూడా ఒకటే. అక్క మంచిది తను ఉంచుకుని పాతది నాకు అంటగట్టిందని తేల్చేసుకున్నాను.

మిగిలిన గింజలు తడి గోనెసంచిలో చుట్టి పెట్టాను. మొలకల కోసం ఆగిన ఆ నాలుగు రోజులూ అక్క ఏం చేసినా అనుమానమే. గట్టు మీద నిలబడి నా చేను చూస్తే ఎగతాళి అనుకున్నాను. చూడకుండా పోతే తప్పు చేసిన మనిషి కదా అనుకున్నాను. సంచి విప్పితే సగం కూడా మొలవలేదు. నిజం చెప్పాలంటే, పంట పోయిందన్న బాధ కంటే రుజువు దొరికిందన్న సంతోషమే ఎక్కువైంది.

ఆ సంచి తీసుకెళ్లి అక్క వాకిట్లో పరిచాను.

"సొంత తమ్మునికే పనికిరాని ఇత్తనం అంటగట్టినావు గదక్కా!"

ఆమె ఒక గింజ తీసి వేళ్లతో నలిపింది. "కాయలు ఎప్పుడు ఒలిపిచ్చినావురా?"

"మామిడి కోతలు మొదలైతే కూలోళ్లు దొరకరని ముందే ఒలిపిచ్చినా."

"ఒలిచినవి యాడ పెట్టినావు?"

"మిద్దె మీద, రేకుల రూములో."

"ఆ ఎండలకు రేకుల కింద నెల దినాలు పెడితే ఇత్తనం సచ్చిపోదా? విత్తే ముందర గదరా ఒలిచేది."

లోపల అన్నం తింటున్న బావ గొంతు వినిపించింది. "మీ అక్క లావు కాయలన్నీ ఏరి నీకే ఇచ్చిందప్పా. మా చేలో ఏసింది మిగిలిన సన్నకాయలే."

తప్పయిందని ఆ రోజే అనాల్సింది. అనలేదు, సంచి చుట్టుకుని వచ్చేశాను.

మరుసటి ఏడు మళ్లీ విత్తనానికి వెళ్లాను. అరుగు మీద పక్కింటామె కూర్చుని ఉంది. ఊరికే మాటలకు వచ్చిందేమో అనుకున్నాను. అక్క మూట తెచ్చి ఆమె ముందే విప్పింది.

"ఈమె కండ్ల ముందర సూసుకొని తీసుకపో. రేపు మాట రాకుండా ఉంటాది."

"సాక్షి ఎందుకక్కా? నిన్ను నమ్ముతా గదా," అన్నాను.

"నువ్వు నమ్ముతావులే," అంది అక్క. "నిన్నే నేను నమ్మలేకుండా ఉండాను."