నీలం బండి కింద ఊక

నా చిన్నప్పుడు మా ఊరికి వచ్చే బస్సుకు పౌరుషం ఎక్కువ. బుద్ధి పుడితే ఎనిమిదింటికి వచ్చేది, అలిగితే పదింటికి కూడా వచ్చేది కాదు. ఆ బస్సును నమ్ముకుని మా నాయిన పదిహేను కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో లెక్కల సారుగా పనిచేసేవాడు. ఆ ఏడు రెండుసార్లు బడిలో ప్రార్థన అయిపోయాక చేరాడు. మూడోసారి ఆలస్యమైతే మొగుళ్లపల్లి అవతలికి బదిలీకి రాసి పంపిస్తానని పెద్దసారు మొహం మీదే చెప్పేశాడు. ఇప్పుడు మొగుళ్లపల్లి ఏమంత దూరం కాదు గానీ అప్పట్లో మాకు అది వేరే దేశం. నాయిన అక్కడుంటే రెండెకరాల కూరగాయల తోటతో, మంచం పట్టిన తాతతో అమ్మ ఒక్కతే ఇక్కడ ఉండాలి. ఆ మాట విన్న రోజు పొయ్యి మీద పప్పు మాడి వాసనొస్తున్నా అమ్మ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

అందరూ స్కూటరు కొనుక్కోమన్నారు. కానీ ఎడ్లను అమ్మేశాక మాకు ఇంకో బాధ మొదలైంది. ఆదివారం వస్తే ఎరువు తోలడానికి, కూరగాయల బుట్టలు చేరవేయడానికి, కట్టెలు తెచ్చుకోవడానికి బాడుగ బండి కోసం ఊరంతా తిరగాలి. స్కూటరు మీద ఎరువెక్కడ పోస్తాం? అందుకని వారమంతా బడికి, ఆదివారం తోటకు పనికొచ్చేలా పాతదైనా సరే ఒక చిన్న ట్రాలీ కొంటానని నాయిన తేల్చాడు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక సరుకు వేసుకునే తొట్టి, అంతే. వయసులో ఉన్నప్పుడు ఒక స్నేహితుడి జీపు నడిపి ఉన్నాడు కాబట్టి స్టీరింగు కొత్త కాదు. ఊరు మాత్రం ఊరుకుంటుందా? "సారు ట్రాలీ ఏస్కొని బడికి పోతడట, పిల్లగాండ్లను మూటలెక్క నింపుకొస్తడా ఏంది?" అని ఒకటే ఎకసెక్కాలు.

కేసముద్రం మార్కెట్ యార్డులో ఒక అడ్తిదారు, అంటే రైతుల సరుకు అమ్మిపెట్టే సేటు, రెండు పాత ట్రాలీలు అమ్ముతున్నాడని తెలిసింది. ఒక సెలవు రోజు నాయిన నన్ను వెంటేసుకుని బయలుదేరాడు. నాకు పదేళ్లుంటాయి. కొత్త బండిలో మొదట నేనే కూర్చోవాలని ఏడ్చి మరీ వెళ్లాను.

ఆ రెండు బండ్లూ యార్డులో ఒక పక్కగా నిలబెట్టి ఉన్నాయి. ఒకటి నీలం రంగుది. రంగు ఎంత కొత్తదంటే ముట్టుకుంటే చేతికి అంటుతుందేమో అనిపించేది. అద్దం మీద చమ్కీ దండ, సీట్లకు కొత్త రెగ్జిన్. రెండోది ఒకప్పుడు ఏ రంగుదో చెప్పలేం. తలుపుకు సొట్ట, వెనక పలకకు తాడు. మా నాయిన అసలే లెక్కల సారు, వట్టి చేతులతో వస్తాడా? తెలిసిన మెకానిక్కును అడిగి ఒక కాగితం మీద పట్టిక గీసుకొచ్చాడు. టైర్లకు ఇన్ని మార్కులు, గేర్లకు ఇన్ని, పొగకు ఇన్ని. ఎర్ర సిరా పెన్నుతో బండి చుట్టూ తిరుగుతూ పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దాడు. నీలం బండికి ఎనభై రెండు వచ్చాయి, సొట్ట బండికి నలభై ఏడు. సేటు పక్కనే నిలబడి నీలం బండిని తెగ పొగిడేస్తున్నాడు. నాయిన చెయ్యి బయానా డబ్బుల కోసం జేబులోకి పోయింది.

ఎండకు నా తల పగిలిపోతోంది. నీలం బండి నీడ నల్లగా, ఖాళీగా కనిపించి అటు పోబోయాను. అప్పుడే ఒక చెయ్యి నా భుజం పట్టుకుని ఆపింది. యార్డులో కింద పడ్డ గింజలు ఊడ్చి, చాటతో చెరిగే కూలి ఆమె. నుదుటి నిండా చెమట, కొంగు నిండా దుమ్ము. "గాడ కూసోకు బిడ్డా, గౌను ఖరాబైతది. ఇటు రా" అని సొట్ట బండి దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఏడెనిమిది మంది ఆడవాళ్లు సద్దులు తిని, కాళ్లు బండి కిందికి చాపుకుని, ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. పక్కనే అంత పెద్ద నీడ ఉండగా వీళ్లు ఇక్కడే ఎందుకు ఇరుక్కున్నారో నాకు అర్థం కాలేదు. అడిగితే ఎవరూ చెప్పలేదు, సేటు వైపు చూసి ఊరుకున్నారు.

ఆమె మాత్రం నన్ను మాటల్లో పెట్టింది. నేను అసలే వాగుడుకాయను. బస్సు సంగతి, పెద్దసారు సంగతి, మాడిన పప్పు సంగతి, నాయిన దూరం పోతే అమ్మ ఎట్లా ఉంటుందోనన్న నా భయం, అన్నీ ఆమె ముందు కుమ్మరించాను. ఆమె అంతా చివరిదాకా వింది. తర్వాత చీపురు అందుకుని లేచింది.

నేరుగా నీలం బండి దగ్గరికి నడిచింది. దాని కింద నేల మీద పల్చగా ఊక పరిచి ఉంది. రైసు మిల్లులున్న ఊరు కదా, ఊక ఎక్కడ కనిపించినా ఎవరూ రెండోసారి చూడరు. మేమూ చూడలేదు. ఆమె వంగి ఆ ఊకను ఊడ్వడం మొదలుపెట్టింది. సేటు ఉలిక్కిపడి, "ఏయ్, గిప్పుడేంది ఊడ్చుడు? పో అవుతలికి!" అని కసిరాడు. ఆమె తల కూడా ఎత్తలేదు. "పొద్దుగాల ఊడ్వలేదని నువ్వే కోపం జేస్తివి గద సేటూ, ఊడుస్తున్న" అంది.

ఊక కింది నుంచి ఇంజను నూనె మడుగు బయటపడింది. పాతది, కొత్తది కలిసి నేల తారు రోడ్డులా నల్లబడి ఉంది. అందరం చూస్తుండగానే పైనుంచి ఇంకో చుక్క దాని మీద పడింది. పాత బండి అన్నాక కొంచెం చెమ్మ ఉండదా అని సేటు నవ్వబోయాడు గానీ నవ్వు అతకలేదు. నాయిన జేబులోంచి చెయ్యి తీసేశాడు.

ఆ తర్వాత నాయిన చేసిన పనికి నేను ఇప్పటికీ మురిసిపోతాను. ఊళ్లో అందరి చేతా సారూ అనిపించుకునే మనిషి, ఆ దుమ్ములోనే ఆడవాళ్ల ముందు గొంతుకూర్చున్నాడు. సొట్ట బండి సంగతి చెప్పమని, అమ్మా అని పిలిచి, వాళ్లను అడిగాడు. ఆమె మిగతావాళ్ల వైపు చూసి నవ్వింది. "బండ్ల సంగతి మాకేమెరుక సారూ. నీడ సంగతైతే ఎరుకే. రెండేండ్ల సంది గీ బండి నీడకే కూసుంటున్నం, ఒక్క చుక్క పడలే" అంది. పొద్దున్నే ఇంజను రెండుసార్లు దగ్గి మూడోసారికి లేస్తుందని ఇంకో ఆమె చెప్పింది. నాయిన నలభై ఏడు మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆ బండే కొన్నాడు. దారి పొడుగునా నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి, కనబడిన ప్రతివాళ్లకూ చెయ్యి ఊపాను.

ఆ బండి ఏనాడూ మమ్మల్ని మోసం చేయలేదు. ఆ ఏడంతా నాయిన బడి గంట కంటే ముందే చేరాడు, బదిలీ మాట మళ్లీ రాలేదు. ఆదివారం ఎరువు, బుట్టలు, కట్టెలు అన్నీ అదే మోసింది. నవ్విన నోళ్లే పెళ్లి సామాన్లకు బండి పంపమని మా గుమ్మం ముందు నిలబడ్డాయి.

బండి కొన్న నెల తర్వాత ఒక సెలవు రోజు, ఊక ఊడ్చిన ఆమెకు ఇద్దామని అమ్మ వంకాయలు, టమాటలు గంప నిండా కట్టి ఇచ్చింది. యార్డులో ఆమె లేదు. మేము బండి కొన్న మర్నాడే సేటు ఆమెను పనిలోకి రావద్దన్నాడట. అతనికి భయపడి మిగతా సేట్లు కూడా పిలవలేదట. నాయిన మొహం మాడిపోయింది. దారి కనుక్కుని, స్టేషన్ అవతల ఆమె ఉండే వాడకు వెళ్లాం. పత్తి ఏరి అప్పుడే వచ్చినట్టుంది, వేళ్ల నిండా గీతలు. మమ్మల్ని చూసి వాకిట్లో మంచం వాల్చింది. నాయిన సేటును బతిమాలతానంటే వద్దంది. "గదేం పెద్ద ముచ్చట గాదు గని, బండి మంచిగ నడుస్తాందా? బడికి టైముకు అందుతున్నవా సారూ?" అని అడిగింది. నాయిన తల ఊపాడు. పని పోతుందని నీకు అప్పుడు తెలియదా తల్లీ అన్నాడు. మంచినీళ్ల చెంబు నా చేతికి అందిస్తూ, "ఎరుకే సారూ" అంది. వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా అంది.

ఇప్పుడు మా అబ్బాయి జనగామలో ఉంటూ జఫర్‌గఢ్‌లో ఉద్యోగానికి పోయి రావడానికి, ఆదివారాలు చేను పనులకు ఒక పాత ట్రాలీ వెతుకుతున్నాడు. పొద్దస్తమానం ఫోనులో బండ్ల బొమ్మలు చూస్తాడు. బండి ఉన్న చోటికి పోయి, దాని చుట్టూ పనిచేసేవాళ్లతో రెండు మాటలు మాట్లాడి రమ్మని వాడికి చెబుతున్నాను. బండి గురించి నేను నేర్చుకున్నది అంతవరకే.

ఆమె దగ్గర నేర్చుకున్నది వేరే ఉంది. ధైర్యమంటే గొంతు పెంచి అరవడమని అనుకునేదాన్ని, ఆమె గొంతు లేవనే లేదు. పాతికేళ్లు ఆఫీసులో పనిచేశాను. నిజం చెబితే నాకే నష్టమని తెలిసిన రోజులు ఎన్నో వచ్చాయి. చాలాసార్లు ఫైళ్లు సర్దుకుంటూ తప్పుకున్నాను, దాచుకోవడం దేనికి? తప్పుకున్న ప్రతిసారీ ఆ వాకిలి, ఆ గీతలు పడ్డ వేళ్లు గుర్తొచ్చి ఇంట్లో అన్నం సయించేది కాదు. నష్టమెంతో తెలిసి కూడా చెప్పేసిన రోజులు నా ఉద్యోగం మొత్తానికి రెండే రెండు. ఆ రెండూ నావి కావు, ఆమె ఇచ్చినవి.