మూఢంలో వచ్చిన ల్యాప్‌టాప్

కుర్ర వయసులో మనిషికి కోపం రావడానికి పెద్ద కారణమేదీ అక్కర్లేదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగంలో కొత్తగా చేరిన నాకు మాత్రం పెద్ద కారణమే దొరికింది. దాని పేరు 'త్వరలో'. ఒక కంపెనీవాళ్లు ఆటల కోసమే ఒక ల్యాప్‌టాప్ తయారు చేస్తున్నామనీ, అది చిటికెన వేలంత మందమే ఉంటుందనీ, బలంలో మాత్రం బల్లమీది పెద్ద కంప్యూటర్లను తలదన్నుతుందనీ ఒక వీడియో వదిలారు. చివర్లో నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు: త్వరలో. ఆ వీడియోను అన్నం తింటూ చూశాను, బస్సులో చూశాను, మిల్లు యజమాని సేటు ధాన్యం తేమ రాసుకోమన్నప్పుడు కూడా చూశాను. (ఆ రోజు తేమ ఎంతుందో ఇప్పటికీ నాకు తెలియదు.) ఎండాకాలం అన్నవాళ్లు వానాకాలం అన్నారు, వానలు పడ్డాక మళ్లీ 'త్వరలో' అన్నారు. ఆ మాట కనిపెట్టినవాడు దొరికితే మా మిల్లు ఊక కొట్టంలో వేసి తలుపు పెట్టేద్దామన్నంత మంటగా ఉండేది. సేటు ఒకరోజు నా భుజం మీదుగా వీడియో చూసి, "గంత సన్నగున్నది, దాన్ల ఏం బలముంటదిరా? సన్న బియ్యం సూడనీకి బాగుంటయి. కష్టం చేసెటోనికి దొడ్డు బియ్యమే కడుపుల ఆగుతయి," అన్నాడు. ఆయనతో వాదనకు దిగి, ఉద్యోగం పోయేదాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

ఆ కోపంలో రెండో వాటా కోదాడలో ఎలక్ట్రానిక్స్ షాపున్న మా బావది, అంటే మా అక్క భర్తది. మా వైపు వచ్చే మొదటి పీసు నాకే ఇస్తానని ఆయన మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని నేను సూర్యాపేట దోస్తుల ముందు నోరు పారేసుకున్నాను. అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో కంప్యూటర్ ఆటల పోటీ పెడుతున్నారు, మా జట్టు అందులో ఉంది. "పోటీనాడు మీ అందరి ముంగటనే డబ్బా కోస్త. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడూళ్లల్ల దాని బటన్ మొట్టమొదలు ఒత్తేది నా వేలే, సూస్కోండ్రి!" అన్నాను. నిజానికి నాకు కావలసింది అంతే. గెలుపోటములు తర్వాత సంగతి, ఆ మొదటి నొక్కు మాత్రం నాది కావాలి. వారం వారం కోదాడకు ఫోన్ చేసేవాణ్ణి. "వచ్చేసుద్ది బామ్మర్దీ, ఎందుకట్టా కంగారు పడతావ్? కంపెనీవాళ్లేమన్నా మన చుట్టాలా?" అనేవాడు బావ. వెనకనుంచి అక్క ఫోన్ లాక్కుని, "అక్క ఎట్లున్నదని ఒక్కనాడన్న అడిగినవారా?" అనేది. అడగడానికి నా కోపం నాకు తీరికిస్తే కదా!

చివరికి, పోటీ ఇంకొద్ది రోజులుందనగా అది వచ్చింది. కోదాడ పోయి, డబ్బా ఒళ్లో పెట్టుకుని, పక్క సీటాయన మోచెయ్యి తగిలినప్పుడల్లా ఉరిమి చూస్తూ ఇల్లు చేరాను. గుమ్మంలోనే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నిన్ననే మూఢమొచ్చింది."

(మూఢమంటే గురుడో శుక్రుడో సూర్యుడి వెలుగులో కనబడకుండా పోయే రోజులు. పెళ్లిళ్లు చేయరు, కొత్త ఇంట్లో చేరరు. మా అమ్మ లెక్కలో కొత్త చీపురు కూడా ముట్టుకోరు.)

"అమ్మా, ఇది పెండ్లి గాదే, ల్యాప్‌టాప్!"

"బండి గూడ పెండ్లి గాదు బిడ్డా. పోయి ఆ బర్రెనడుగు, చెప్తది."

అంతకు ముందేడు వద్దు వద్దంటున్నా మూఢంలో కొత్త బండి తెచ్చి, మాడుగులపల్లి దగ్గర ఒక బర్రెను గుద్ది చెయ్యి విరగ్గొట్టుకున్నాను. బర్రెకేమీ కాలేదు, లేచి దులుపుకుని మళ్లీ గడ్డి మేసింది. ఆ రోజునుంచి మా ఇంట్లో పంచాంగానికి ఆ బర్రే సాక్ష్యం. డబ్బా వెళ్లి దేవుడి గూటి పక్కన కూర్చుంది, అమ్మ దానికో పసుపు బొట్టు కూడా పెట్టింది. మూఢం పోయేదేమో పోటీ ముగిసిన చాలా రోజులకు. ఆ కంపెనీవాళ్లు ముందు చెప్పిన రోజుకు ఇచ్చి ఏడ్చి ఉంటే ఈ గొడవంతా ఉండేదా? కంపెనీ మీద కోపం, గ్రహాల మీద కోపం, బర్రె మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం. అలిగి అన్నం మానేశాను. (మధ్యాహ్నం మాత్రమే. రాత్రికి అమ్మ చేపల పులుసు పెట్టింది.)

దారి చూపించింది గోడ అవతలి టీచరమ్మ. సర్కారు బడిలో ఐదో తరగతికి చెప్పేది. అమ్మకు ప్రాణ స్నేహితురాలు, నాకు వరసకు అత్త, ఆదివారం చర్చి మానని మనిషి. "వదినా, మాకు మూఢాలు లేవు గద. నేను తెరిచి జర వాడిస్త. గప్పుడది పాతదైతది. పాతదానికి దోషమేంది?" అంది. అమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి, "గది మంచిగనే ఉన్నది. గని పైపైన గాదు వదినా, పాతవడేదాక మంచిగ వాడు," అని జాగ్రత్త చెప్పింది. నన్నెవరూ అడగలేదు. నెలల తరబడి నేను దాచుకున్న మొదటి నొక్కును ఇద్దరూ చాయ్ తాగుతూ తేల్చేశారు.

టీచరమ్మ డబ్బాను తన ఇంటికి తీసుకెళ్లి, ల్యాప్‌టాప్ బయటికి తీసి, "ముందుగాల ప్రార్థన చేద్దాం," అని దానిమీద చెయ్యి పెట్టింది. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. "ప్రభువా, ఈ వస్తువును దీవించు తండ్రీ. దీన్ని వాడబోయే ఈ కోపిష్టి పిల్లగానికి శాంతిని దయచేయి..." పళ్లు నూరుతూనే ఆమెన్ అన్నాను. ఆమె వేలు బటన్ మీద పడింది. అక్షరాల కింద రంగు రంగుల దీపాలు వెలిగాయి. "అబ్బ! క్రిస్మస్ స్టార్ లెక్క మెరుస్తున్నది సూడు వదినా!" అంది. తర్వాత తెరమీద ఏదో అడిగితే కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. నేనిక చూడలేక గేటు ధడాలున వేసి వచ్చేశాను. ఆ తర్వాత పరీక్ష పేపర్లతో, ఆదివారం బడి పాటలతో, బడికి తీసుకెళ్లినప్పుడు మధ్యాహ్న భోజనం లెక్కలతో అది పాతబడుతూనే ఉంది. దానికి పూల ప్లాస్టిక్ కవరు కూడా వచ్చింది. పోటీనాడు పొద్దున నా చేతికిచ్చి, "ఇగ తీస్కపో బిడ్డా, పాతదైంది," అంది.

సూర్యాపేట చేరేసరికే ఆలస్యమైంది. "డబ్బా ఏదిరా? ముంగట కోస్తనంటివి!" అన్నారు దోస్తులు. వైర్లు తగిలించి ఆట తెరిచాను. అది నన్నొక మాటైనా అడక్కుండా, ల్యాప్‌టాప్‌లో ఉన్న పేరు తీసుకుని గోడంత తెరమీద వేసింది: 'టీచరమ్మ, ఐదో తరగతి'. హాలంతా ఘొల్లుమంది. మైకు పట్టుకున్నవాడికి పండగే. "టీచరమ్మ గోడ దుంకింది! టీచరమ్మ ఇద్దర్ని లేపేసింది! హోంవర్క్ చెయ్యనోళ్లు జర పైలం!" ఆ మంటలో నేను ఎన్నడూ ఆడనంత బాగా ఆడాను. (సేటు లెక్క తప్పు. సన్నదే గానీ గట్టి పిండం.) ఫైనల్‌కు వచ్చాం. హాలు హాలంతా "టీచరమ్మా! టీచరమ్మా!" అని ఒకటే కేకలు. ఎదుటి జట్టులో ఒక్కడు, మా జట్టులో నేను మిగిలాం, నేను వాడికి గురిపెట్టి కాల్చబోతున్నాను. సరిగ్గా అప్పుడే బడిగంట మోతతో తెర మధ్యలో పెద్ద అక్షరాలు లేచాయి: 'భోజనం బెల్లు. పిల్లలందరికి గుడ్లు అందినయా?' టీచరమ్మ బడికోసం పెట్టుకున్న ఆ రిమైండర్‌ను తీసేసేలోపు వాడు నన్ను కాల్చేశాడు. "గుడ్ల కాడ టీచరమ్మ ఖతం!" అన్నాడు మైకువాడు. సూర్యాపేటలో నన్ను ఇప్పటికీ టీచరమ్మ అనే పిలుస్తారు.

కోపాన్ని చల్లారనివ్వకుండా మిర్యాలగూడ దాకా మోసుకొచ్చాను. టీచరమ్మ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. "గెల్చినవా బిడ్డా?"

"మీ గుడ్లే నన్ను ముంచినయత్తా! పేరు గూడ మీదే పెట్టుకుంటిరి!" అని వీధంతా వినబడేలా అరిచాను.

"అది పేరడిగింది, చెప్పిన. పొద్దుందాక పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పెటిదాన్ని, నా పేరడిగితే నీ పేరెట్ల చెప్పాలె?" అంది నిదానంగా. తర్వాత నా మొహం చూసి, "పొద్దున గూడ ఏం తినకుండ ఉరికినవంట గద," అని లోపలికెళ్లి ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి చేతిలో పెట్టింది. అక్కడే నిలబడి, కోపంగానే, అన్నీ తినేశాను.

తర్వాత టీచరమ్మకు పెన్‌పహాడ్ బదిలీ అయింది, పక్కింట్లో వేరేవాళ్లు కిరాయికి దిగారు. ల్యాప్‌టాప్ ఈసారి నిజంగానే పాతబడింది, దీపాలు సగం వెలగడం లేదు. అందులో పేరు మార్చడం చిటికెలో పని, మార్చలేదు. మధ్యాహ్నం మిల్లు ఆఫీసులో దాంట్లో ఆ బడిగంట మోగగానే సేటు కూడా "గుడ్లు అందినయారా?" అంటూ భోజనానికి లేస్తాడు. మొన్న అదే కంపెనీ ఇంకా సన్నటిది ఒకటి తెస్తున్నామని వీడియో వదిలింది. చివర్లో మళ్లీ అదే దిక్కుమాలిన 'త్వరలో'. కోపం వచ్చింది గానీ వెనకటంత రాలేదు. లేచి గోడకున్న క్యాలెండర్ తిప్పి మూఢం ఎప్పుడొస్తుందో చూశాను. ఇది కూడా సరిగ్గా అందులోనే పడితే బాగుండు. పెన్‌పహాడ్ ఎంతో దూరం లేదు.