రాధారాణి శనివారాలు

1981 నాటి అమెరికాలో, పార్సిప్పనీ ఊరి తెలుగువాళ్లలో రాధారాణి అంత భక్తురాలు ఇంకొకరు లేరని పేరు. ఆ పేరు ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు. ఒక అబద్ధం ఆడింది, అది భక్తి కింద చెల్లిపోయింది, అంతే.

అంతకు రెండేళ్ల ముందు ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆడపిల్ల. ఆస్పత్రి నుంచి వచ్చాక భర్త దామోదర్ ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తుందని భయం. చెడ్డవాడు కాదు, ఏం మాట్లాడాలో తెలియనివాడు. స్నేహితులు మాత్రం తెలిసినవాళ్లా? "మళ్లీ పుడతార్లే" అనేసి కబుర్లలో పడ్డారు. రాధారాణి ఏడవలేదు, తినడం మొదలుపెట్టింది. ఆఫీసు నుంచి వచ్చి కోటైనా విప్పకుండా, ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి తినేది. పెరుగన్నం, ఐస్‌క్రీమ్, నిన్నటి పులిహోర, ఏది చేతికి దొరికితే అది. నూట ముప్ఫై పౌండ్ల మనిషి నూట ఎనభై ఆరుకి వచ్చింది.

డాక్టరు బరువు చూసి, బీపీ చూసి, ఆకలి తగ్గించే మాత్రలు రాశాడు. అవి వాడుతున్నంతకాలం గర్భం రాకుండా చూసుకోమన్నాడు. నెలకోసారి వచ్చి తూకం చూపించుకోమన్నాడు. ఇంకో పేషెంటు బయట కూర్చుని ఉంది మరి.

మాత్ర పనిచేసింది. ఆకలి పోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఫ్రిజ్ తలుపు తీస్తే ఏదీ తినబుద్ధి కాదు, కానీ ఆ తలుపు తీయించిన బాధ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇన్నాళ్లూ దాని నోట్లో ముద్దలు కుక్కి ఊరుకోబెట్టింది. ఇప్పుడు పెట్టడానికి ముద్ద లేదు. నోరెండిపోయేది, గుండె దడదడలాడేది, కంటిమీద కునుకుండేది కాదు. ఆఫీసులో టైపు చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి కళ్లనీళ్లు కారిపోయేవి.

శనివారాలు ఎవరో ఒకరింట్లో భోజనాలు ఉండేవి. మనవాళ్ల సంగతి తెలిసిందే. ఒంట్లో బాగాలేదంటే మిరియాల చారు పోస్తారు. డైటింగ్ అంటే "ఈ ఒక్క పూటకి ఏం కాదులే" అని ఇంకో రెండు గారెలు వడ్డిస్తారు. ఉపవాసం అంటే మాత్రం గరిటె ఠక్కున ఆగిపోతుంది. అందుకే విజయశ్రీ ఇంట్లో విస్తరి ముందు కూర్చోమన్నప్పుడు రాధారాణి "శనివారం ఉపవాసమండీ" అనేసింది.

విజయశ్రీ అందరికంటే ముందు ఈ దేశం వచ్చిన పెద్దావిడ.

"ఎన్ని వారాలు మొక్కుకున్నావమ్మాయ్?"

"అనుకున్నది జరిగేదాకా."

విజయశ్రీ కళ్లు చెమర్చాయి. పిల్లల కోసమేనని ఆవిడే తేల్చేసింది. వారం తిరక్కుండానే ఫోన్లమీద ఊరంతా తేలిపోయింది. తిరుపతి వెళ్లినవాళ్లు లడ్డూ ముక్క దాచి తెచ్చి చేతిలో పెట్టారు. ఒళ్లు తగ్గుతుంటే ముఖంలో కళ వచ్చిందన్నారు. కడుపు పండకూడని మందు మింగుతూ, కడుపు పండాలన్న దీవెనలు అందుకుంటూ కూర్చుంది రాధారాణి. పాపం కదూ! వాళ్లు మెచ్చుకున్నకొద్దీ ఆవిడ నోరు ఇంకా మూతపడింది. ఎవరికని చెబుతుంది, ఏమని చెబుతుంది?

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం కింది అపార్ట్‌మెంట్ ప్రమోద అరటిపళ్లతో వచ్చింది. పెళ్లై ఆరేళ్లయినా పిల్లల్లేని అమ్మాయి. వస్తూనే వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది.

"అక్కా, డాక్టర్ కన్ఫర్మ్ చేశాడు. మూడో నెల. అంతా మీ చలవే."

"నా చలవేమిటే?"

"మిమ్మల్ని చూసి నేనూ శనివారాలు మొదలుపెట్టాను. ఇప్పుడు మంగళ, గురువారాలు కూడా చేస్తున్నాను. నిన్న పార్కింగ్ లాట్‌లో కళ్లు తిరిగి పడిపోయాను, అయినా సరే. బేబీ చేతికొచ్చేదాకా మాననని మొక్కుకున్నాను."

నిజం చెబితే దేవుడి పేరుమీద అబద్ధమాడిన మనిషిగా మిగిలిపోతుంది, ఈ ఊళ్లో తలెత్తుకోలేదు. చెప్పకపోతే... ఆ మాట పూర్తిగా అనుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. లోపలికెళ్లి మాత్రల సీసా తెచ్చి ప్రమోద చేతిలో పెట్టింది.

"నా వ్రతం ఇదే. ఒళ్లు తగ్గడానికి ఆకలి చంపే మందు. నేను ఏ దేవుడికీ మొక్కుకోలేదు. నువ్వు తినాలి ప్రమోదా. నీకు దణ్ణం పెడతాను, నా కళ్లముందు తిను."

ప్రమోద సీసామీద చీటీ రెండుసార్లు చదివింది. ముఖం ఎర్రబడింది.

"నా కోసం మొక్కుకున్నప్పుడల్లా మీకోసం కూడా మొక్కుకున్నానక్కా."

రాధారాణి తలొంచుకునే అన్నం, పప్పు కలిపి తెచ్చింది. ప్రమోద కోపంతోనే తింది. సగం తిన్నాక చెయ్యి ఆపింది.

"మీరు నిద్రపోయి ఎన్నాళ్లయింది? ముఖం చూస్తే తెలుస్తోంది. మండే నేను డ్రైవ్ చేస్తాను, డాక్టర్‌కి ఇదంతా చెప్పండి. మాత్ర సంగతి ఆయన చూస్తాడు. మిగతాది నాకు చెప్పండి. పాప ఎలా ఉండేదక్కా?"

ఆ ప్రశ్న రెండేళ్లలో ఎవరూ వేయలేదు. రాధారాణి నేలమీద కూలబడిపోయింది. ఒక నర్సు ఐదు నిమిషాలు చేతికిచ్చిందని చెప్పింది. వేళ్లు పొడుగ్గా ఉన్నాయని, నుదుటిమీదికి ఒత్తుగా జుట్టు ఉందని, కళ్లు తెరుస్తుందేమోనని చూస్తూనే ఉన్నానని చెప్పింది. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రమోద ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా కదలకుండా వింది.

దామోదర్ కింద లాండ్రీ ముగించి వచ్చి, ఉతికిన బట్టల బుట్టతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు.

"ఆస్పత్రిలో ఆ రోజు నన్ను లోపలికి రానివ్వలేదు రాధా," అన్నాడు. బుట్ట కింద పెట్టి వచ్చి పక్కన నేలమీదే కూర్చున్నాడు. "ఎవరి పోలిక?"

"మీదే," అంది రాధారాణి.